ఏ పేటలో కాపురముందుము?

పాఠ్యభాగములు: ఆదికాండము 13:1-13, యిర్మీయా 29:4-7, అపొస్తలుల కార్యములు 18:1-3, రోమా 16:1-2



కోతలు ముగిసిన తరువాత మన గ్రామములలో ప్రతి సంవత్సరము కొన్ని ఇండ్లకు తాళములు పడుచున్నవి. కొందరు పటాన్‌చెరువు, జీడిమెట్ల, చర్లపల్లి ఫ్యాక్టరీలకును, కొందరు కట్టడపు పనులకును, చదువుకొనిన పిల్లలు మాదాపురము, గచ్చిబౌలి ఆఫీసులకును హైదరాబాదు చేరుచున్నారు. ఉద్యోగము దొరకవలెనని సంఘమంతయు ప్రార్థించును. అది దొరికిన పిమ్మట ఏ పేటలో కాపురముండవలెనను సంగతినిగూర్చి మాత్రము ఎవరును ఆలోచన చెప్పరు. అద్దె తక్కువని ఒకరు, బంధువు చూపెనని ఒకరు, ఇల్లు క్రొత్తదని ఒకరు సామాను దింపుకొందురు. ఉద్యోగము ఒక్కనిది, నివాసము ఇంటిల్లిపాదిది. కావున ఈ మాసము ఈ సంగతిని ధ్యానింతము.

1. లోతు దేనిని చూచెను?

మందలు విస్తరించినందున అబ్రాము కాపరులకును లోతు కాపరులకును జగడము పుట్టెను. అబ్రాము పెద్దవాడైనను, ముందుగా కోరుకొను అవకాశమును లోతునకే విడిచెను. లోతు ఎత్తుననుండి యొర్దాను ప్రాంతమును చూచి, అది నీరు పారు నేలయని గ్రహించి, దానిని కోరుకొనెను.

పశువులు గలవాడు నీటిని చూచుట తప్పు కాదు. మనమును జీతము చూచియే గదా వెళ్లుచున్నాము! లోతు చూచినదానిలో దోషము లేదు. చూడక విడిచినదానిలో ఉన్నది. మందకు ఏమి కావలెనో చూచెను గాని, తన ఇంటివారు ఎవరి నడుమ బ్రదుకవలెనో విచారించినట్లు వ్రాయబడలేదు. మొదట సొదొమ దగ్గర గుడారము వేసికొనెను. 14వ అధ్యాయములో సొదొమలోనే కాపురమున్నాడు. 19వ అధ్యాయములో ఆ ఊరి గవినియొద్ద కూర్చున్నాడు. చివరకు ఆ ఎన్నికకు వెల చెల్లించినది ఎవరు? అతని భార్యయు కుమార్తెలును.

ఇదియే ఈ పాఠపు ముఖ్యాంశము: సంపాదించువాని కన్నులతో మాత్రమే పేటను ఎన్నుకొనరాదు. అతడు తెల్లవారగానే వెళ్లి చీకటిపడిన తరువాత వచ్చును. దినమంతయు అచ్చట ఉండవలసిన భార్య, పిల్లలు, వృద్ధురాలైన తల్లి, వీరి కన్నులతో చూడవలెను.

2. దూరమును గంటలలో కొలువుడి

దూరపు పేటలో అద్దె నెలకు 1,500 రూపాయలు తక్కువ అనుకొందము. పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర బస్సులో గడిపినయెడల, 26 పనిదినములకు 78 గంటలగును. ఎనిమిది గంటలు ఒక పనిదినముగా లెక్కించిన అది దాదాపు పది దినములు. పిల్లలతో మాటలాడవలసిన ఆ పది దినములను 1,500 రూపాయలకు అమ్ముకొందుమా? బస్సు చార్జీ ఇంకను వేరు.

హైదరాబాదులో మెట్రో రైలు 2017 నవంబరులో ప్రారంభమాయెను. ఇప్పుడు మూడు వరుసలలో దాదాపు 69 కిలోమీటర్లు నడుచుచున్నది. ఉప్పలులో కాపురముండి రాయదుర్గములో పనిచేయువాడు ఒకే బండిలో పోవచ్చును, ఎల్.బి. నగరులో ఉండువాడు అమీరుపేటలో దిగి మారవలెను. పటాన్‌చెరువు, జీడిమెట్ల, చర్లపల్లికి ఆ రైలు పోదు. అచ్చట పనిచేయువారు బస్సు దారినిబట్టి ఇల్లు చూచుకొనవలెను. తెలంగాణ నివాసులైన స్త్రీలకు సిటీ ఆర్డినరీ బస్సులలో టికెట్టు రుసుము లేని పద్ధతి 2023 డిసెంబరులో ఆరంభమాయెను. కావున ఇంటి స్త్రీయు పనికి వెళ్లునదైనచో, బస్సు స్టాపు దగ్గరగా నుండుట గొప్ప ఆదాయమే. రాత్రి షిఫ్టు గలవారు బస్సు దిగిన చోటునుండి ఇంటివరకు రాత్రివేళనే ఒకసారి నడచి, దీపములున్నవో లేవో చూడవలెను.

3. నేలను, నీటిని చూడుడి

పల్లెవాడు నేల వాటమును చూచి వాన నీరు ఎటు పారునో చెప్పగలడు. పట్నములో సిమెంటు రోడ్డును చూడగానే ఆ తెలివిని మరచిపోవును. మరువకుడి! 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాదులో వేలాది జనులు మరణించిరి. ఆ తరువాత వరదను అరికట్టుటకై ఉస్మాన్‌సాగరును, హిమాయత్‌సాగరును కట్టిరి. అయినను 2020 అక్టోబరులో భారీ వర్షములు కురిసి, చెరువులు నిండి, కొన్ని కట్టలు తెగి, పల్లపు కాలనీలలోని ఇండ్లు మునిగెను. చెరువు శిఖము భూమిలో కట్టిన ఇంటికి అద్దె తక్కువగా నుండవచ్చును. మొదటి పెద్ద వానకు ఆ లాభమంతయు కొట్టుకొనిపోవును. పేట పేరులో కుంట, చెరువు అను మాట ఉన్నయెడల కారణము అడుగుడి. గోడలమీద నీటి మచ్చ ఎంత ఎత్తుననున్నదో చూడుడి. పాత ఇండ్ల గడపలు వీధికంటె మిక్కిలి ఎత్తుగా నున్నయెడల, కట్టినవారు దేనికి భయపడిరో ఆలోచింపుడి.

త్రాగు నీరు మరియొక సంగతి. అచ్చటివారు మంజీర నీళ్లని చెప్పు కుళాయి నీరు ఎన్ని దినములకొకసారి వచ్చును? ఏ వేళ వచ్చును? బోరు నీరు ఉప్పగా నున్నదా? వేసవిలో ట్యాంకరు తెప్పించినచో ఆ ఖర్చు ఎవరిది? నీరు అర్ధరాత్రి వచ్చునదైనచో, లేచి బిందెలు పట్టవలసినది ఎవరో ఆమెను అడిగి అడ్వాన్సు ఇయ్యుడి.

4. బడి, ఆసుపత్రి, రేషను

విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చెను. టి.సి. ఆలస్యమాయెనను కారణముచేత ప్రభుత్వ బడిలో బిడ్డను చేర్చుకొనక త్రిప్పివేయరాదని ఆ చట్టము చెప్పుచున్నది. కావున నడుమలో ఊరు మారితిమని పిల్లవానిని ఇంట కూర్చుండబెట్టరాదు. అయితే బడి ఎంత దగ్గర, నడుమ పెద్ద రోడ్డు దాటవలెనా, తెలుగు మాధ్యమమున్నదా అను సంగతులను ముందే చూచుకొనవలెను.

జాతీయ ఆహార భద్రతా చట్టము క్రింద కార్డు గలవారు తమ ఊరిలోనే గాక వేరుచోట కూడ రేషను తీసికొను ఏర్పాటు, 2019 ఆగస్టులో ఆంధ్ర తెలంగాణ రాష్ట్రముల మధ్య ప్రయోగముగా ఆరంభమై, పిదప దేశమంతట వ్యాపించెను. ఆ పేటలోని డిపోలో కార్డు చూపి విచారింపుడి. ఫ్యాక్టరీలో ఇ.ఎస్.ఐ. ఉన్నవారు తమ డిస్పెన్సరీ ఎచ్చటనో తెలిసికొనవలెను. రోగియైన తల్లిని రెండు బస్సులు మారి తీసికొనిపోవుట ప్రతి నెల చేయగల పని కాదు.

అద్దె కాగితము సాధారణముగా 11 నెలలకు వ్రాయుదురు. ఏలయనగా సంవత్సరమునకు మించిన కౌలు రిజిస్టరు చేయింపవలెను. కరెంటు మీటరు వేరుగా నున్నదా, ఖాళీ చేయునాడు రంగులకని అడ్వాన్సులో ఎంత పట్టుకొందురు అను మాటలు ఆ కాగితములోనే ఉండవలెను.

5. పేరు దాచుకొనవలసిన ఇల్లు

చెప్పుటకు కష్టమైన సంగతి ఒకటున్నది. కొన్ని వీధులలో టులెట్ బోర్డు చూచి తలుపు తట్టగానే, “మీరెవరు? ఏమి తిందురు?” అని అడుగుదురు. సమాధానము విన్న వెంటనే, ఇల్లు ఇచ్చివేసితిమని చెప్పుదురు. మనవారిలో అనేకులకు ఇది తెలిసిన అనుభవమే. ఇది అన్యాయము. ఆ సిగ్గు అడిగినవారిది గాని మనది కాదని మన పిల్లలకు స్పష్టముగా చెప్పవలెను.

అయితే పేరు మార్చి చెప్పి ఇల్లు పుచ్చుకొనుట మేలా? అక్కర తీవ్రమై అట్లు చేసినవారిని నిందింపను. కాని అది ఒక్క దినపు మాటతో ముగియదు. వంటయింటి కిటికీ మూసి వండవలెను. కుటుంబ ప్రార్థన గుసగుసగా చేయవలెను. ఎవరైన అడిగిన ఏమి చెప్పవలెనో ఐదేండ్ల బిడ్డకు నేర్పవలెను. నెలనెల అద్దెతోపాటు భయమునుకూడ చెల్లించుటయే అది. గది ఇరుకైనను, ఉన్న పేరు చెప్పుకొని, తలుపు తెరచి కూర్చుండగల ఇల్లు మేలు.

6. ముందు మనిషి, తరువాత ఇల్లు

పౌలు కొరింథునకు ఒంటరిగా వచ్చెను. అది రేవుల మధ్యనున్న పెద్ద పట్టణము. అచ్చట అతనికి అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు కనబడిరి. వారును ఆ ఊరివారు కారు. చక్రవర్తి ఆజ్ఞచేత రోమా విడిచి వచ్చినవారు. ఇరువురి వృత్తియు ఒక్కటే, డేరాలు కుట్టుట. పౌలు వారియింటనే ఉండి వారితో పనిచేసెను. చూడుడి, అతనికి మొదట దొరికినది ఇల్లు కాదు, మనుష్యులు. ఇల్లు వారి వెంట వచ్చెను.

కావున సాధ్యమైనయెడల మొదట ఒక్కడు వెళ్లి, తెలిసినవారియొద్ద గాని హాస్టలులో గాని కొన్ని వారములుండి, తరువాత కుటుంబమును తీసికొనిపోవలెను. ఆ వారములలో పేటను మూడు వేళల చూడవలెను: తెల్లవారుజామున కుళాయియొద్ద, సాయంకాలము పిల్లలాడు వేళ, రాత్రి కల్లు దుకాణములు, మద్యపు దుకాణములు మూయు వేళ. బ్రోకరును కాదు, నీళ్లు పట్టుకొను స్త్రీలను, కిరాణా కొట్టువానిని అడుగుడి. వారికి అమ్మవలసిన ఇల్లు లేదు గనుక ఉన్నది ఉన్నట్లు చెప్పుదురు. రాత్రివేళ బిడ్డకు జ్వరము వచ్చినచో తట్టుటకు ఒక్క తలుపైనను ఉన్నదా? ఉన్నయెడల అది కాపురముండదగిన పేట.

7. పంపువారి బాధ్యత

కెంక్రేయలోని సహోదరియగు ఫీబేను రోమా సంఘమువారు చేర్చుకొని, ఆమెకు కావలసిన సహాయము చేయవలెనని పౌలు ఉత్తరములో వ్రాసెను. మన సంఘములు బయలుదేరువారికి ప్రార్థన చేసి పంపుచున్నవి, ఉత్తరము వ్రాయుచున్నవా? ఈ గ్రామమునుండి వెళ్లినవారు ఏయే పేటలలో ఉన్నారో, వారి ఫోను నంబరు ఏదో సంఘ పెద్దలు ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. క్రొత్తగా వెళ్లువారు సామాను కట్టకమునుపే, అచ్చటివారికి కబురు పోవలెను.

వెళ్లినవారికిని ఒక మాట. బబులోనులోని చెరవారు తమ యిష్టముచేత అచ్చటికి పోలేదు. అయినను వారు ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, ఆ పట్టణపు క్షేమమును కోరవలెనని యిర్మీయా వ్రాసి పంపెను. అద్దె గదియే గదాయని, రేపు పోవువారమే గదాయని, ప్రక్కయింటి పేరైన తెలిసికొనక బ్రదుకకుడి. మంచి పేట కట్టి సిద్ధముగా నుండునది కాదు. మన తరువాత ఆ వీధిలో దిగు క్రొత్త కుటుంబమునకు మనమే ఆ తట్టదగిన తలుపు కావలెను.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. లోతు ఎన్నికలో అతని ఇంటివారి మాట ఉన్నట్లు వ్రాయబడెనా? మన ఇండ్లలో ఈ నిర్ణయము ఎవరు చేయుచున్నారు?

2. మన గ్రామమునుండి వెళ్లిన కుటుంబములలో ఎన్నింటి చిరునామా మనకు తెలియును?

3. మన గ్రామమునకే పనికొరకు వచ్చిన పరదేశులకు మనము ఇల్లు ఇచ్చుచున్నామా, వారిని ఏమని అడుగుచున్నాము?