పాఠం 14: చదవడం, చదువుకోవడం

పిల్లలూ, ముందు ఈ రెండు వాక్యాలు పైకి చదవండి.

లత బోర్డు మీద రాసింది చదివింది.
లత రాత్రి పదింటిదాకా చదువుకుంది.

రెండింటిలోనూ క్రియ ఒకటే. రెండోదానికి చివర ‘కొను’ చేరింది. మాట్లాడేటప్పుడు అది ‘కో’ అయిపోతుంది: చదువుకో, వండుకో, కడుక్కో, రాసుకో. ఈ ‘కో’ చిన్నదే కానీ అర్థాన్ని మార్చేస్తుంది. ‘అమ్మ అన్నం వండింది’ అంటే ఇంట్లో అందరికీ వండింది. ‘అన్నయ్య అన్నం వండుకున్నాడు’ అంటే తన కోసం వండుకున్నాడు. ఆ పని వల్ల వచ్చేది చేసినవాళ్లకే దక్కుతుంది. తాతయ్యకి కళ్లజోడు దొరక్కపోతే ఆయన ఉత్తరం మీరు చదివి పెట్టచ్చు. కానీ ఆయన బదులు మీరు చదువుకోలేరు.

ఈ ‘కో’కి ఇంకో పని కూడా ఉంది. ‘వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు.’ ‘పిల్లలు చాక్లెట్లు పంచుకున్నారు.’ ఇక్కడ ‘తన కోసం’ అనే అర్థం కాదు, ‘ఒకరితో ఒకరు’ అనే అర్థం వస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో పని పడుతుంది.

మన తరగతిలో పెద్ద పిల్లలు కొందరు ఇంకో ఏడాదిలో కాలేజీకి వెళ్లిపోతారు. బడిలో అన్నీ మంచి మార్కులే తెచ్చుకున్న పిల్లలు కూడా కాలేజీలో మొదటి సెమిస్టర్లోనే ఏదో ఒక సబ్జెక్టు తప్పుతుంటారు. ఇంట్లో చెప్పడానికి భయపడతారు. ‘నాకు తెలివి లేదేమో’ అని లోపల లోపలే కుమిలిపోతారు. వేసవి సెలవుల మూడు నెలల్లో తెలివి ఎక్కడికి పోతుంది చెప్పండి? మరి ఏమవుతుంది? దీని మీద చాలా పరిశోధనలు జరిగాయి. నాకు బాగా నచ్చిన ఒకటి చెప్తాను.

1970ల్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రైస్‌మన్ అనే ఆయన గణితం చదువుకుంటూ, అక్కడ పాఠాలు చెప్పేవాళ్లకి శిక్షణ కూడా ఇచ్చేవాడు. మొదటి ఏడాది కాల్క్యులస్‌లో ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థులు చాలామంది తప్పుతున్నారు. చైనా మూలాలున్న విద్యార్థులు చాలామంది బాగా రాస్తున్నారు. ఎందుకని? ట్రైస్‌మన్ అధ్యాపకుల్ని అడిగాడు. తప్పేవాళ్లకి పట్టుదల లేదని కొందరు అన్నారు. హైస్కూల్లో సరిగా నేర్చుకోలేదని, ఇంట్లో చదువు మీద శ్రద్ధ లేదని, డబ్బు లేదని తలా ఒకటీ చెప్పారు.

అన్నీ నిజంలాగే వినిపిస్తాయి కదా. ఎవరికి ఏ కష్టమొచ్చినా కారణాలు చెప్పడానికి పదిమంది రెడీగా ఉంటారు! ట్రైస్‌మన్ మాత్రం వాళ్ల మాట అక్కడితో వదిలెయ్యలేదు. రెండు గుంపుల నుంచీ ఇరవై మంది చొప్పున విద్యార్థుల్ని తీసుకుని, వాళ్ల వెంటే తిరుగుతూ, గదుల్లో, లైబ్రరీల్లో ఎలా చదువుకుంటున్నారో చూశాడు.

చూస్తే, అధ్యాపకులు చెప్పిన కారణాలు ఒక్కటీ నిలబడలేదు. తప్పుతున్న పిల్లల్లో హైస్కూల్లో అందరికన్నా ముందున్నవాళ్లున్నారు. అమ్మానాన్నలు వాళ్ల చదువు కోసం ఎంతో చేసినవాళ్లు. పట్టుదల లేకపోతే అసలు అంతదూరం వచ్చేవాళ్లే కాదు. క్లాసుకి వెళ్తున్నారు, హోంవర్కు వేళకి ఇస్తున్నారు. క్లాసులో ఒక గంటకి ఇంటి దగ్గర రెండు గంటలు చదవాలని చెప్తే అలాగే కూర్చుని చదువుతున్నారు.

కానీ ఒంటరిగా చదువుతున్నారు. ఇరవై మందిలో పద్దెనిమిది మంది తోటివాళ్లతో కలిసి ఎప్పుడూ చదవలేదు. స్నేహితులు వేరు, చదువు వేరు. తలుపు వేసుకుని లెక్క చేస్తారు, రాకపోతే అక్కడే ఆగిపోతారు. ఆ లెక్క పక్క గదిలో వాడికీ రాలేదని వీళ్లకి తెలియదు. తనొక్కడికే రావట్లేదేమో అనుకుంటారు. పరీక్ష పేపరు చేతికొచ్చాక గానీ తామెక్కడున్నారో తెలియదు.

చైనా మూలాలున్న పిల్లలు కూడా మొదట విడివిడిగానే చేసేవాళ్లు. ఈ ముక్క చాలామంది మర్చిపోతారు, మీరు మర్చిపోకండి. వారానికి సుమారు పద్నాలుగు గంటలు లెక్కల మీద పెట్టేవాళ్లు. అందులో ఎక్కువ భాగం ఎవరికి వాళ్లే. తర్వాత సాయంత్రం ఒకచోట చేరేవాళ్లు. కలిసి తింటూ ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకునేవాళ్లు. ఎవరి అన్నో, కజినో వచ్చి ప్రశ్నలు అడిగేవాడు. లైబ్రరీలో ఉండే పాత పరీక్ష పేపర్లు తెచ్చుకుని చేసేవాళ్లు. ఒక లెక్క అందరికీ తప్పిందంటే అది కష్టమైన లెక్కని అర్థమైపోయేది. తనొక్కడికే తప్పితే ఎక్కడ తప్పిందో పక్కవాడు చూపించేవాడు.

చూశారా, ‘దిద్దుకునేవాళ్లు’లో ఉన్నది రెండో ‘కో’.

తర్వాత, 1978 ప్రాంతంలో, ట్రైస్‌మన్ ఒక వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. దాన్ని ‘వెనకబడ్డ పిల్లలకి ట్యూషన్’ అనలేదు, అలా నడపలేదు కూడా. మామూలు క్లాసులో ఇచ్చే వాటికన్నా కష్టమైన లెక్కలిచ్చి, గుంపులుగా కూర్చోబెట్టి చేయించాడు. అందులో చేరిన ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థుల మార్కులు బాగా పెరిగాయి. తర్వాత ఎన్నో విశ్వవిద్యాలయాలు ఆ పద్ధతి తీసుకున్నాయి. నేను బీఈడీ చదివినవాళ్లలో ఒకదాన్ని కాబట్టి చెప్తున్నాను: తేలిక లెక్కలిచ్చి జాలి చూపించడం ఏ టీచరుకైనా సులువే. కష్టమైన లెక్కిచ్చి ‘మీకొస్తుంది, కలిసి చెయ్యండి’ అనడానికి ధైర్యం కావాలి.

మరి మన ఇళ్లల్లో ఏమంటారు? ‘కబుర్లాపి ఒక్కచోట కూర్చుని చదువుకో’ అంటారు. ‘కంబైన్డ్ స్టడీ’ అంటే ఇంట్లో ఎవరూ నమ్మరు, సినిమా కబుర్లనే అనుకుంటారు. చాలాసార్లు అదే నిజం లెండి. అందుకే ఒంటరిగా చదివిన గంటలు ముందుండాలి, గుంపు తర్వాత రావాలి. ఏమీ చదవకుండా గుంపులోకి వెళ్తే పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకోవడమే అవుతుంది.

ఇప్పుడు ఒంటరిగా ఎలా చదవాలో చూద్దాం. అమెరికాలోనే సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు ఒక పరీక్ష చేశారు. కాలేజీ విద్యార్థులకి ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. కొందరు దాన్ని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాలయ్యాక అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు: వాళ్లకి 81 శాతం గుర్తుంది, రెండోవాళ్లకి 75 శాతం. వారం తర్వాత అడిగితే తిరగబడింది. రెండుసార్లు చదివినవాళ్లకి 42 శాతమే మిగిలింది, రాసి చూసుకున్నవాళ్లకి 56 శాతం.

పరీక్షకి ముందురోజు రాత్రి పుస్తకం మళ్లీ మళ్లీ తిరగేస్తే ‘అంతా వచ్చేసింది’ అనిపించడం ఇందుకే. ఆ అయిదు నిమిషాలకి నిజంగానే వచ్చింది!

మన పల్లెటూరి బళ్లల్లో దీనికి ఎప్పటి నుంచో ఒక మాట ఉంది: అప్పజెప్పడం. పుస్తకం మూసి, పంతులుగారి ముందో, ఇంట్లో పెద్దవాళ్ల ముందో నిలబడి పాఠమో, పద్యమో, ఎక్కమో చూడకుండా చెప్పడం. ‘అప్పజెప్పు’ అంటే ఇవ్వాల్సినది ఇచ్చెయ్యడం అని కూడా. పక్కింటివాళ్లు ఇచ్చి వెళ్లిన తాళంచెవి వాళ్లొచ్చాక అప్పజెప్తాం కదా, అలాగ. అయితే అర్థం తెలియకుండా చిలకలాగ అప్పజెప్పించిన బళ్లు కూడా బోలెడున్నాయి, వాటిని నేను మెచ్చుకోను. మీరు పుస్తకం మూసి, మీ సొంత మాటల్లో అప్పజెప్పండి. ఎదురుగా మనిషి లేకపోతే గోడకి చెప్పండి.

ఇంకో సంగతి. ఇలా చేస్తే మొదట్లో చికాగ్గా ఉంటుంది. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో, గుంపులుగా కూర్చుని సమస్యలు చేసినవాళ్లు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది. కానీ వాళ్లని అడిగితే, చక్కటి ఉపన్యాసం కూర్చుని విన్నప్పుడే ఎక్కువ నేర్చుకున్నట్టు అనిపించిందన్నారు. తడబడుతుంటే నేర్చుకోవట్లేదేమో అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని నమ్మకండి.

కాలేజీలో ప్రొఫెసర్లు తమ గదిలో కూర్చునే ‘ఆఫీస్ అవర్స్’ ఉంటాయి. రానివాళ్లే అక్కడికి వెళ్తారనుకుని చాలామంది వెళ్లరు. మీరు వెళ్లండి. ఒక్క జాగ్రత్త: మన దగ్గర ‘సార్, ఒక డౌటు’ అంటే ‘ఒక ప్రశ్న’ అని అర్థం. ఇక్కడ ‘డౌట్’ అంటే ఎదుటివాళ్ల మాట మీద నమ్మకం లేదని వినిపించచ్చు. అందుకని ‘క్వశ్చన్’ అనండి. ఇంటికొచ్చి అమ్మతో మాత్రం ‘డౌటు’ అనే అనండి, ఆవిడకి అదే అర్థమవుతుంది.

కొత్త మాటలు

పరిశోధన: ఒక విషయాన్ని పట్టుదలగా వెతికి, చూసి, తేల్చుకోవడం.
తప్పడం: పరీక్షలో పాస్ కాకపోవడం. (దారి తప్పడం, మాట తప్పడం కూడా ఉన్నాయి. ఒక్కోదానితో ఒక వాక్యం రాయండి.)
కుమిలిపోవడం: బాధ పైకి చెప్పకుండా లోపలే పడటం.
ఎక్కం: రెండు ఒకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు... అలా చదివే లెక్కల పట్టీ.

చెయ్యండి

1. ఈ మాటల్లో ‘కో’ ఏ అర్థంలో వచ్చింది? ‘తన కోసం’ అయితే ‘త’ అని, ‘ఒకరితో ఒకరు’ అయితే ‘ఒ’ అని రాయండి: తల దువ్వుకుంది. కొట్టుకున్నారు. దాచుకున్నాడు. తిట్టుకున్నారు. ‘కలిసి చదువుకున్నారు’కి ఏది రాస్తారు? ఎందుకు? దీని మీద మీలో మీరు వాదించుకోండి, నాకు ఒక్క జవాబే కావాలని లేదు.

2. ట్రైస్‌మన్‌కి అధ్యాపకులు చెప్పిన కారణాలేమిటి? పుస్తకం మూసి రాయండి. తర్వాత తెరిచి దిద్దుకోండి.

3. వీడియో కాల్‌లో అమ్మమ్మనో, తాతయ్యనో, నానమ్మనో అడగండి: ‘చిన్నప్పుడు నువ్వు ఎవరికి అప్పజెప్పేదానివి? రాకపోతే ఏం చేసేవాళ్లు?’ వాళ్లు చెప్పింది అయిదు వాక్యాల్లో రాసి తీసుకురండి. తాతయ్యని అడిగేటప్పుడు ‘మీరు ఎవరికి అప్పజెప్పేవారు?’ అని మార్చుకోండి. మీ ఇంట్లో తాతయ్యని ‘నువ్వు’ అనే పిలిస్తే ‘అప్పజెప్పేవాడివి’ అనాలి.

4. వచ్చే ఆదివారం ఇద్దరిద్దరు కూర్చుంటారు. ఈ పాఠం మొదటి సగం ఒకరు, రెండో సగం ఇంకొకరు చూడకుండా తెలుగులో చెప్పాలి. మాట దొరక్కపోతే పక్కవాళ్లని అడగచ్చు, నన్ను మాత్రం చివర్లో అడగండి.