పాత జీపునకు డీజిల్ ఇంజను: పునరుద్ధరణలో కొన్ని పాఠాలు

పాపికొండల నడుమ ఇరుకున ఒదిగి ప్రవహించిన గోదావరి పోలవరం వద్ద ఒక్కసారిగా మైదానమును చేరును. నదికి దిగువన కాలువలు, వరిచేలు. ఎగువన కొండలు, వాగులు, గిరిజన గ్రామములు. ఆ ఎగువ బాటలలో తారు రోడ్డు చేరని కాలమున ప్రజలకు దిక్కయిన వాహనము జీపు. విద్యార్థి మిత్రులారా! ఆ పాత జీపును తిరిగి నిలబెట్టుట, దానిలో పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఇంజను అమర్చుట ఎట్టి పనియో ఈ వ్యాసమున పరిశీలింతము.

రెండవ ప్రపంచ యుద్ధమున సైన్యములకు ఉపయోగపడిన విల్లీస్ జీపు స్వాతంత్ర్య సమయమున మన దేశమునకు విడిభాగములుగా వచ్చెను. వానిని బొంబాయిలో కూర్చిన సంస్థను 1945లో మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి స్థాపించిరి. దాని తొలి పేరు 'మహీంద్రా అండ్ మహమ్మద్'. గులాం మహమ్మద్ పాకిస్తానుకు వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థికమంత్రి అయినారు. 1948లో సంస్థ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారినది. మన రోడ్లపై విరివిగా కనిపించిన సి.జె. 3-బి నమూనాకు బానెట్టు ఎత్తుగా ఉండుటకు కారణమున్నది. దాని 'హరికేన్' ఇంజనులో గాలి లోనికి వచ్చు వాల్వులు సిలిండరు తలలో అమరి ఉండుటచే ఇంజను ఎత్తు పెరిగినది.

1973 చమురు సంక్షోభముతో పెట్రోలు ధర పెరిగినది. డీజిల్ చవుక. కుటుంబ పోషణకై జీపు నడుపువాడు పెట్రోలు ఇంజనును తీసివేయుట అప్పుడు విలాసము కాదు, బ్రతుకుతెరువు. ట్రాక్టరు జాతి డీజిల్ ఇంజనులు, పిమ్మట ప్యూజో వారి ఎక్స్.డి.పి. 4.90 ఇంజను జీపులలోనికి వచ్చినవి. ఆ పేరులోనే వివరమున్నది: నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు. దాని పరిమాణము 2112 ఘన సెంటీమీటర్లు. హరికేన్ ఇంజనుది సుమారు 2200. పరిమాణములో ఇంచుమించు సమానమైనను రెండింటి స్వభావము వేరు.

పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనము ముందే కలిసి నిప్పురవ్వతో మండును. 1892లో రుడాల్ఫ్ డీజిల్ హక్కుపత్రమునకు దరఖాస్తు చేసిన పద్ధతి వేరు. అందు గాలిని మాత్రమే గట్టిగా అదిమి వేడెక్కించి, ఆ వేడిలోనికి ఇంధనమును చిమ్మవలెను. పాత పెట్రోలు జీపులో అదుము నిష్పత్తి సుమారు ఏడు. ఇట్టి డీజిల్ ఇంజనులో ఇరవై దాటును. ఆ ఒత్తిడికి తట్టుకొనుటకు ఇంజను బరువెక్కును, అదురు పెరుగును. తక్కిన మార్పులన్నింటికి మూలమిదియే.

కనుక పని ఇంజనుతో గాక ఛాసిస్‌తో ప్రారంభించవలెను. తొట్టిని విప్పి, బురద నిలుచు చోటులలో తుప్పును గీకి చూడవలెను. పుచ్చిన ఇనుమునకు రంగు పూసిన లాభము లేదు. ఇంజనును, గేరుపెట్టెను కలుపు పలక కేంద్రము తప్పినచో క్లచ్చి, బేరింగు త్వరలో పాడగును. ముందు కమానుపట్టీలు, రేడియేటరు కొత్త భారమునకు తగినవై ఉండవలెను. బరువు పెరిగిన బండిని ఘాటు దిగుడులో ఆపవలసినవి బ్రేకులే. వానిని సరిచేయక ఇంజను మార్చుట ప్రాణములతో చెలగాటమే.

చిన్న విషయములు మరికొన్ని కలవు. పాత జీపులో అద్దము తుడుచు పుల్ల ఇంజను పీల్పుతో ఆడును. డీజిల్ ఇంజనులో అంతటి పీల్పు ఉండదు గనుక విద్యుత్తు మోటారు అవసరము. ఇంజెక్టర్ల వద్ద మిగిలిన డీజిల్ వెనుకకు పోవుటకు, డ్రైవరు సీటు క్రింది ట్యాంకుకు రెండవ గొట్టము కావలెను. ఇంధనపు గొట్టములో గాలి చేరిన బండి కదలదు. ఆ గాలిని తీయుట నేర్వవలెను.

ఇక వేగపు లెక్క. సి.జె. 3-బి ఇరుసు నిష్పత్తి 5.38. అనగా ఇరుసును త్రిప్పు షాఫ్టు 5.38 చుట్లు తిరిగినగాని చక్రము ఒక్క చుట్టు తిరుగదు. చక్రము చుట్టుకొలత సుమారు 2.25 మీటర్లు. పై గేరులో ఇంజను నిమిషమునకు 4000 చుట్లు తిరిగిన వేగము గంటకు సుమారు 100 కిలోమీటర్లు. 2000 చుట్లే తిరుగు ట్రాక్టరు ఇంజనుతో 50 మాత్రమే. కొండబాటకు అది చాలును, దూరప్రయాణమునకు చాలదు. ఇంజను ఎన్నుకొనుటకు ముందే ఈ గుణకారము చేయవలెను.

1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము ఇంజను మార్పును రిజిస్ట్రేషను అధికారికి తెలిపి పత్రములో నమోదు చేయించవలెను. లేనిచో ప్రమాదమైన నాడు బీమా విషయమున చిక్కులు రాగలవు.

2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగినది. నాటి ధర వ్యత్యాసము చాలవరకు తగ్గినది. కనుక ఆదా కొరకే డీజిల్ అను వాదము నేడు బలహీనము. మరి ఏమి చేయవలెను? నిత్యము కొండబాట ఎక్కవలసిన బండికి డీజిల్ తగును. చరిత్రగా దాచదలచిన బండికి దాని సొంత ఇంజనే శోభ. మార్పు తప్పనిచో ఛాసిస్‌ను కోయక బోల్టులతో బిగించి, తీసిన ఇంజనును నూనె పూసి భద్రపరచవలెను. అప్పుడు మన పిల్లలు కోరినచో మనము చేసిన మార్పును వారు తొలగించగలరు.

మరమ్మతు, కార్ఖానా, ఉస్తాదు: షెడ్డులో మనము వాడు ఈ మాటలు ఉర్దూ నుండి తెలుగునకు వచ్చి మనవైపోయినవి. ఆ మాటలతో వచ్చిన విద్య మాత్రము పుస్తకములలో చేరలేదు. ఉస్తాదు చేతి నుండి శిష్యుని చేతికి అది సాగినది. శిష్యుడు లేనినాడు ఆగిపోవును. కావున విద్యార్థులు సెలవులలో ఒక పాత షెడ్డునకు వెళ్లి, ఒక వృద్ధ మిస్త్రీ పని చూచి, కొలతలతో సహా వ్రాసికొని రావలెను. తుప్పు ఇనుమునకే గాక జ్ఞాపకమునకు కూడ పట్టును. రెండింటిని సకాలమున గీకి కాపాడుటయే నిజమైన పునరుద్ధరణ.