సూదితో వ్రాసిన వాఙ్మూలము

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునందలి బాలికలు నారబట్టపై అక్షరమాలను, అంకెలను, ఒక నీతివాక్యమును, తుదకుఁ దమ పేరును వయస్సును కుట్టి కుట్టుపని నేర్చుకొనుచుండిరి. దానిని శాంప్లరందురు; మన మాటలో మచ్చుగుడ్డ యనవచ్చును. బట్టలోని పోఁగులను లెక్కించి, గుణకారచిహ్నమువలె రెండేసి కుట్లు వేయవలెను. ఒక్కపోఁగు తప్పినను అక్షరము వంకరవోవును. అలిపిరినుండి కొండకు 3,550 మెట్లు లెక్కించుచు నెక్కినవారి కీ యోర్పు తెలియకపోదు. పేదబాలికల కీ పని నేర్పుటలో నొక లౌకికప్రయోజనము కలదు: దొరల యిండ్లలోని దుప్పట్లకు, తువాళ్లకు యజమాని పేరి పొడియక్షరములను గుర్తుగాఁ గుట్టఁగల పనికత్తెలు కావలసియుండిరి. అక్షరములు చదువుకొఱకుఁ గాదు, కొలువుకొఱకు.

ససెక్సు మండలమున యాష్‌బర్న్‌హాము గ్రామమందు 1813లో జన్మించిన ఎలిజబెత్తు పార్కరు అట్టి పేదబాలిక. తండ్రి కూలివాఁడు, తల్లి ఉపాధ్యాయిని. పదుమూఁడేండ్లకే దాసిగాఁ గుదిరి, యొక యింట క్రూరముగా హింసింపఁబడెను. రమారమి 1830లో నామె నారబట్టపై ఎఱ్ఱని పట్టుదారముతోఁ దన కథ నంతయుఁ గుట్టెను. అందుఁ బూలు లేవు, లతలు లేవు, అక్షరమాల లేదు. తనకు వ్రాయుట రాదని మొదలిడి, పడిన బాధలను, ప్రాణము తీసికొనఁదలఁచుటను, దానివలనఁ గలిగిన పాపభయమును చెప్పుకొని, తన యాత్మ గతి యేమగునని యడుగుచుండఁగనే పంక్తి నడుమ నాఁగిపోయినది. ఈ గుడ్డ నేఁడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియమునందున్నది.

న్యాయస్థానములలో నేను పెక్కు వాఙ్మూలములను జూచితిని. సాక్షి యేడ్చుచుఁ జెప్పును, గుమాస్తా తన భాషలో వ్రాయును, సాక్షి వ్రేలిముద్ర వేయును. ఇందు గుమాస్తా లేఁడు. ఒక్కొక్క మాటకుఁ బెక్కు కుట్లు పట్టు పనిలో తొందరపాటు మాటకుఁ జోటెక్కడిది?

ఆఁడుపిల్లలకు సూది చాలును, కలమేల యనువారితో నాకుఁ బేచీ యిచ్చటనే. మన నరసాపురపు లేసును జూడుఁడు. గోదావరి డెల్టాలో వేలకొలఁది స్త్రీలు ఇంటఁ గూర్చుండి యల్లిన లేసు దేశాంతరములకుఁ బోయినది. అల్లినదాని పేరు మాత్రము దానిపై లేదు. మరియా మీస్ అను విదుషి 1982లో వెలువరించిన గ్రంథమున, వీరు దినమంతయు శ్రమించినను గృహిణులుగానే యెంచఁబడుచు, కూలి మిక్కిలి తక్కువగాఁ బొందుచుండిరని విశదపఱచెను. వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించి చేత నిచ్చినది పుస్తకము. సూది వలదని నే ననను. పేరు వ్రాయుటకైనను రానిచ్చు సూది కావలెను.

ఎలిజబెత్తు మరల నట్టి గుడ్డ కుట్టెనో లేదో గాని, తన గ్రామపు ధర్మపాఠశాలలోనే ఉపాధ్యాయిని యై, చెల్లెలి కూఁతును బెంచి, 1889లో మరణించెను.