యంత్రానుకరణం

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటరు ఆట కాలక్షేపానికి మాత్రమే పనికివస్తుందన్న అభిప్రాయం లోకంలో ఉంది. నిజమైన కారు ఇంజనును ఆటలో తిరిగి నిర్మించడానికి గణితం, భౌతికశాస్త్రం, వివేచన ఎంతగా అవసరమవుతాయో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒక వస్తువును చూసి మెచ్చుకోవడం వేరు, దానిని తిరిగి నిర్మించడం వేరు. శిల్పవిద్యను అభ్యసించే బాలుడు మొదట గురువు చెక్కిన విగ్రహాన్ని ఎదురుగా పెట్టుకొని ఉలి పడతాడు. గురువు ఏ రేఖను ఎందుకు లోతుగా తీశాడో, ఏ చోట రాతిని ఎందుకు మిగిల్చాడో అతనికి చెక్కుతున్నప్పుడే బోధపడుతుంది. యంత్రాల విషయంలోనూ ఇంతే. అయితే ఇంజనును పోతపోసి నేర్చుకోవడం విద్యార్థికి సాధ్యమయ్యే పని కాదు. ఆ లోటును కొంతవరకు తీర్చే ఆటలు నేడు ఉన్నాయి.

అటువంటి వాటిలో ‘ఆటోమేషన్’ ఒకటి. కామ్‌షాఫ్ట్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ రూపొందించిన ఈ ఆట 2015లో స్టీమ్ వేదికపై తొలిరూపంలో విడుదలైంది. ఇందులో ఆటగాడు ఒక కార్ల కంపెనీని నడుపుతాడు. ఇంజనులో సిలిండర్లు ఎన్ని ఉండాలో, అవి ఎంత వ్యాసంతో ఉండాలో, దిమ్మెను ఏ లోహంతో పోతపోయాలో, కవాటాలు ఎంత సేపు తెరుచుకోవాలో అతడే నిర్ణయిస్తాడు. నిర్మాణం ముగిశాక ఆట ఆ ఇంజనును పరీక్షించి శక్తిరేఖను, టార్కురేఖను గీసి చూపుతుంది. టార్కు అంటే ఇరుసును తిప్పే బలం. కొందరు ఆటగాళ్లు సొంత ఇంజన్లతో తృప్తిపడక లోకంలో పేరు పొందిన ఇంజన్లను ఇందులో యథాతథంగా నిర్మించాలని పూనుకొంటారు.

జపాను దేశపు హోండా సంస్థ 1999లో విడుదల చేసిన ఎస్2000 కారు ఇంజనును ఉదాహరణగా తీసుకొందాం. దాని పేరు ఎఫ్20సి. వరుసగా నిలిచిన నాలుగు సిలిండర్లు గల ఇంజను అది. ఒక్కొక్క సిలిండరు వ్యాసం 87 మిల్లీమీటర్లు. పిస్టను పైనుంచి కిందికి కదిలే దూరం 84 మిల్లీమీటర్లు. దీనినే స్ట్రోకు అంటారు. జపాను వెలుపల అమ్మిన కారులో ఈ ఇంజను నిమిషానికి 8300 భ్రమణాల వద్ద 240 అశ్వశక్తిని, 7500 భ్రమణాల వద్ద 208 న్యూటన్ మీటర్ల టార్కును ఇచ్చేది. దాని వేగ పరిమితి 9000 భ్రమణాలు.

నిర్మాణంలో మొదటి మెట్టు సులభం. స్థూపం ఘనపరిమాణానికి పాఠశాలలో నేర్చిన సూత్రమే ఇక్కడ చాలు. వ్యాసార్ధం 4.35 సెంటీమీటర్లు, ఎత్తు 8.4 సెంటీమీటర్లు అనుకొంటే ఒక సిలిండరు ఘనపరిమాణం సుమారు 499.35 ఘనసెంటీమీటర్లు. నాలుగింటికి కలిపి 1997. హోండా ప్రకటించిన సంఖ్యా ఇదే. ఆట కూడా ఇదే చూపుతుంది.

అసలు చిక్కు దీని తరువాత మొదలవుతుంది. కొలతలు సరిపోయినా శక్తి సరిపోదు. రెండు లీటర్ల ఇంజను టర్బో సాయం లేకుండా 240 అశ్వశక్తిని ఇవ్వాలంటే అత్యధిక వేగంలో కూడా గాలిని ధారాళంగా పీల్చుకోవాలి. అందుకు కవాటాలు ఎక్కువగా, ఎక్కువ సేపు తెరుచుకోవాలి. కాని అలా అమర్చిన ఇంజను తక్కువ వేగంలో నీరసిస్తుంది. ఈ వైరుధ్యానికి హోండా ఇంజనీర్లు కనుగొన్న పరిష్కారం వీటెక్. ఈ పద్ధతిలో కవాటాలను తెరవడానికి రెండు రకాల కామ్‌లు ఉంటాయి. తక్కువ వేగంలో ఒకటి, సుమారు 6000 భ్రమణాలు దాటాక మరొకటి పనిచేస్తాయి. ఆటలోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. అది లేకుండా ప్రయత్నించిన ఆటగాడు ఒక కొసను సవరిస్తే రెండో కొస చెడిపోవడం చూస్తాడు. వీటెక్ ఎందుకు పుట్టిందో అప్పుడతనికి స్వయంగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక ప్రలోభం ఎదురవుతుంది. ఆటలో ప్రతి భాగానికీ నాణ్యతను పెంచే మీట ఉంటుంది. దానిని పైకి జరిపితే కామ్ ఎంపిక సరిగా లేకపోయినా 240 అనే అంకె తెరపై కనిపించవచ్చు. అయితే ఒక్క శిఖరం కుదిరినంత మాత్రాన కొండ రూపం వచ్చినట్లు కాదు. ఆ అంకెను చేరడానికి పలు దారులున్నాయి. మూడు వేల భ్రమణాల వద్దనూ, ఆరు వేల వద్దనూ, ఎనిమిది వేల వద్దనూ రేఖ అసలు ఇంజను రేఖను పోలి నడిచినప్పుడే అనుకరణ నిజమైనది. అంకె మాత్రమే కుదిరితే అది పరీక్షలో పక్కవాని జవాబును దించి రాసుకోవడం వంటిది. జవాబు సరైనదే కావచ్చు, లెక్క మాత్రం తెలియదు.

ఈ శ్రమకు లభించే ఫలం ఏమిటో మరొక ఉదాహరణ చూపుతుంది. అమెరికాలో 2004 నమూనా నుంచి ఈ కారు ఇంజను మారింది. వ్యాసం అలాగే ఉంచి స్ట్రోకును 90.7 మిల్లీమీటర్లకు పెంచారు. ఘనపరిమాణం 2157 ఘనసెంటీమీటర్లయింది. టార్కు పెరిగింది. కాని వేగ పరిమితి 9000 నుంచి 8000కు తగ్గింది. ఎందుకు తగ్గించారు? నిమిషానికి 9000 భ్రమణాలంటే సెకనుకు 150. ప్రతి భ్రమణంలో పిస్టను ఒకసారి కిందికి, ఒకసారి పైకి వెళుతుంది. పాత ఇంజనులో ఆ దూరం 168 మిల్లీమీటర్లు. కనుక పిస్టను సగటు వేగం సెకనుకు 25.2 మీటర్లు. కొత్త స్ట్రోకుతో అదే 9000 వద్ద వేగం 27.2 మీటర్లవుతుంది. 8000 వద్దనైతే 24.2 మీటర్లే. ఆటలో పాత భాగాలతోనే స్ట్రోకును పెంచి 9000 పరిమితిని అలాగే ఉంచితే పిస్టన్లపై, కనెక్టింగ్ రాడ్లపై ఒత్తిడి పెరగడం, మన్నిక తగ్గడం కనిపిస్తాయి. పత్రికలో చదివినప్పుడు ఆ మార్పు వట్టి అంకెగానే తోస్తుంది. నిర్మించి చూసినవానికి అందులోని కారణం గోచరిస్తుంది.

ఆటకు హద్దులు లేకపోలేదు. లోహం వేడికి వ్యాకోచించే తీరు, కర్మాగారంలో పాటించే సూక్ష్మమైన కొలతలు, ఏళ్ల తరబడి వాడిన యంత్రపు అరుగుదల కొన్ని మీటలలో ఇమిడేవి కావు. తెరపై విరిగిన పిస్టను ఎవరికీ నష్టం కలిగించదు. నిజమైన పిస్టను విరిగితే ఇంజను పాడవుతుంది, ప్రాణాలకూ ముప్పు రావచ్చు. కాబట్టి యథార్థ యంత్రానికి ఆట ప్రత్యామ్నాయం కాదు.

అయినా పొరపాటు చేసి నేర్చుకొనే అవకాశాన్ని అది ఖర్చు లేకుండా ఇస్తుంది. గొప్ప యంత్రం ఏదీ ఏకైక గుణం వల్ల గొప్పది కాలేదు. ఒకటి పొందడానికి మరొకటి ఎంత వదులుకోవాలో దాని నిర్మాతలు చక్కగా తూచారు. ఆ తూకాన్ని గుర్తించడమే అనుకరణలోని అసలు విద్య.

కఠిన పదాలు – అర్థాలు

వివేచన = మంచిచెడులను విడమరచి చూడడం
కవాటం = గాలిని, వాయువులను లోపలికి, వెలుపలికి వదిలే మూత
భ్రమణం = ఒక చుట్టు తిరగడం
వైరుధ్యం = పొసగకపోవడం
ప్రలోభం = ఆశపెట్టి లాగేది
గోచరించు = కనబడు

వ్యాకరణం

యథార్థం = యథా + అర్థం – సవర్ణదీర్ఘ సంధి
అత్యధికం = అతి + అధికం – యణాదేశ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి

ప్రశ్నలు

1. నిజమైన ఇంజనును ఆటలో నిర్మించేటప్పుడు ఎదురయ్యే చిక్కులను వివరించండి. (వ్యాసరూపం)
2. 2004 నమూనాలో వేగ పరిమితిని తగ్గించడానికి గల కారణాన్ని లెక్కతో సహా తెలపండి. (సంగ్రహం)
3. “ఒక్క శిఖరం కుదిరినంత మాత్రాన కొండ రూపం వచ్చినట్లు కాదు” – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. టార్కు అంటే ఏమిటి? (ఏకవాక్యం)