చిన్ననాటి ఆట మళ్ళీ చేతికి వస్తే

ఉద్యోగ విరమణ చేసినవారిని, పిల్లలు దూరదేశాలకు వెళ్ళగా ఇంట్లో ఒంటరిగా మిగిలినవారిని "పొద్దు ఎలా గడుస్తోందండీ?" అని మేము అడుగుతుంటాము. "ఏముందమ్మా, టీవీ, మందులు, నిద్ర" అని చాలామంది అంటారు. అటువంటివారి కోసం ఈ నెల పాఠంగా ఒక బొమ్మకారు సంగతి చెబుతాము.

1957లో ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన 'స్కేలెక్‌స్ట్రిక్' అనే కరెంటు కార్ల ఆటను ప్రవేశపెట్టారు. ఇటువంటి ఆటను స్లాట్ కార్ రేసింగ్ అంటారు. ట్రాకు పొడవునా సన్నని గాడి ఉంటుంది. కారు అడుగున ఉన్న చిన్న ముక్క ఆ గాడిలో దిగుతుంది. గాడికి అటూ ఇటూ ఉన్న లోహపు పట్టీల నుండి మోటారుకు కరెంటు అందుతుంది. చేతిలోని మీటను ఎంత నొక్కితే అంత వేగం. మలుపు దగ్గర నొక్కు తగ్గించకపోతే కారు గాడి తప్పి ఎగిరి పడుతుంది.

ఆ రోజుల్లో ఈ ఆటతో పెరిగిన పిల్లల్లో ఎందరో తల నెరిశాక అటక మీది పెట్టె దించి మళ్ళీ ఆడసాగారు. 2009లో ఒక టెలివిజన్ కార్యక్రమం కోసం జేమ్స్ మే అనే వ్యాఖ్యాత, ఎందరో స్వచ్ఛంద సేవకుల సాయంతో, బ్రూక్‌లాండ్స్ అనే పాత కార్ల పందెపు మైదానం వెంబడి నాలుగు కిలోమీటర్లకు పైగా ఈ బొమ్మ ట్రాకును పరిచారు!

ఈ ఆట ఏమి కోరుతుంది? వేలి మీద అదుపు, మలుపు మీద చూపు, పక్కన పోటీకి ఒక మనిషి. పాత ట్రాకు పట్టీల మీది తుప్పు తుడవటానికి కొంత ఓపిక. ఇది మందులకు బదులు కాదు. అయినా చేతికి పని, మనసుకు ఉత్సాహం, ఇంటికి సందడి తెస్తుంది. మన ఇళ్ళలో ఆ ట్రాకు లేకపోవచ్చు. వామనగుంటలు, క్యారమ్స్, అష్టాచెమ్మా ఉన్నాయి కదా! "ఈ వయసులో ఆటలేమిటి?" అని సిగ్గుపడవద్దు.

కొన్ని జాగ్రత్తలు:

1. మోకాళ్ళ నొప్పులున్నవారు నేల మీద కాక, బల్ల మీద పెట్టుకొని ఆడండి.

2. పాత కరెంటు బొమ్మల వైర్లు పగిలి ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే ప్లగ్గు పెట్టండి.

3. ఈ కార్లలో చాలావాటి అడుగున చిన్న అయస్కాంతం ఉంటుంది. పసిపిల్లలు ఒకటికి మించి మింగితే, అవి ఒకదాన్నొకటి లాగి పేగును మధ్యలో నొక్కి చిల్లు వేయగలవు. అనుమానం వచ్చినా సరే, అరటిపండు తినిపించి ఎదురుచూడకుండా, వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఒకప్పుడు ఎంతో ఇష్టమైన పని మీద కూడా రెండు వారాలకు పైగా మనసు పోకపోతే, నిద్ర, ఆకలి తగ్గితే, అది వయసు వల్ల వచ్చిన నీరసం అనుకోవద్దు. మానసిక కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది. డాక్టరుగారితో దాచకుండా చెప్పండి.

ఈ వారం ఇంట్లో చేయవలసినది: "మీ చిన్నప్పుడు ఏ ఆట ఆడేవారు?" అని అమ్మమ్మను, తాతయ్యను అడగండి. విని ఊరుకోక, వారితో కూర్చొని ఒక్క ఆట ఆడండి.