సంతకానికి ముందు

చిత్తూరు

అల్లుడూ,

తోతాపురి తోపు గురించి మీ చిన్నాయన మీద తిరుపతి కోర్టులో దావా వేసినావని, మూడో దినానికే స్టే వచ్చిందని రాసినావు. ఊళ్లో అందరూ స్టే అనే అంటారు గానీ, నీకొచ్చింది తాత్కాలిక ఇంజంక్షన్ ఉత్తర్వు. దావాకు ఓ.ఎస్. నంబరు, మధ్యలో వేసే ప్రతి దరఖాస్తుకూ ఒక ఐ.ఏ. నంబరు. ఐ.ఏ. గెలిస్తే దావా గెలిచినట్టు కాదు నాయనా. తోపు సంగతి తేల్చేది సాక్ష్యాలన్నీ విన్నాక వచ్చే డిక్రీ.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 39వ ఆర్డరు ప్రకారం ముందు అవతలివాళ్లకు నోటీసు పోవాలి. ఆలస్యమైతే పని చెడుతుందనుకుంటేనే జడ్జి కారణం రాసి నోటీసు లేకుండా ఉత్తర్వు ఇస్తారు. అట్లా వచ్చినాక దరఖాస్తు, అఫిడవిట్, దావా నకళ్లు వాళ్లకు పంపి, పంపినట్టు ఆ రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలి. మీ వకీలు వేసినారా? కనుక్కో. వాళ్లు కౌంటరు వేసినాక జడ్జి మూడు చూస్తారు: తొలిచూపుకు నీ కేసులో బలముందా, ఎవరికి ఎక్కువ ఇబ్బంది, డబ్బుతో పూడ్చలేని నష్టముందా.

నన్ను కలవరపెట్టేది వేరే. చిన్నాయన బండ్లు ఏండ్లుగా ఆ తోపులో దారిగుండానే పోతున్నాయని నువ్వే చెప్పినావు. అది అఫిడవిట్‌లో ఉందా?

మా బావి కేసులో టైపు కొట్టిన అఫిడవిట్ చదవకుండానే నేను సంతకం పెట్టినా. బావి నా ఒక్కడిదే అని ఉంది అందులో. మా అన్నకు సగం వాటా ఉందని భాగపరిష్కార దస్తావేజులో ఉంది. కౌంటరుతో అది బయటపడింది, ఉత్తర్వు పోయింది. తర్వాత బోనులో నేను చెప్పిన నిజాలకూ విలువ లేకపోయింది. ముఖ్యమైన సంగతిలో తెలిసి అబద్ధం రాసి, నోటీసు లేకుండా ఉత్తర్వు తెచ్చుకుంటే మామూలుగా దాన్ని కొట్టేయాలని 39వ ఆర్డరు 4వ రూలే చెబుతుంది. అన్న పోయేదాకా మా మధ్య మాటల్లేవు.

ఇక తోపు గట్టు కొలతలకు 26వ ఆర్డరు కింద అడ్వకేట్ కమిషనర్ని అడగండి. సర్వేయరుతో కొలిపించి నివేదిక ఇస్తారు. తోపు ఎవరి అనుభవంలో ఉందో కమిషనర్ని తేల్చమని అడిగితే మామూలుగా కోర్టులు ఒప్పుకోవు. దావాలో సర్వే నంబరు తప్పు పడుంటే విచారణ మొదలుకాక ముందే సవరణ ఐ.ఏ. వేయించు.

ఆదివారం అఫిడవిట్ నకలు తీసుకొని రా. పంక్తి పంక్తీ కలిసి చదువుదాం. అంతవరకూ ఆ దారికి కంప కొట్టొద్దు.

మీ మామ