ప్రశ్నలు - జవాబులు: పైకి ఐఫోన్, లోపల ఏముంది?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో అమ్ముతుంటే తొమ్మిది వేలు పెట్టి ‘ఐఫోన్ 15 ప్రో మాక్స్ మాస్టర్ కాపీ’ తెప్పించుకున్నాడు. “ఒరిజినల్‌కీ దీనికీ తేడా లేదు నాన్నా, పేరు కోసం లక్షన్నర ఎందుకు తగలెయ్యాలి?” అంటున్నాడు. చూడ్డానికి నిజంగానే అలాగే ఉంది. వాడి మాట నిజమేనా?
- ఒక తండ్రి, జనగామ

జవాబు: పేరు కోసం లక్షన్నర తగలెయ్యక్కర్లేదన్న మాట వరకు మీ అబ్బాయితో నాకు పేచీ లేదు. 2023 సెప్టెంబరులో అసలు ఫోన్ మన దేశంలో విడుదలైనప్పుడు 256 జీబీ మోడల్ ధర 1,59,900 రూపాయలు. డిగ్రీ చదివే కుర్రాడికి అది అవసరమని ఎవరూ అనరు. తేడా లేదన్న మాట దగ్గరే వచ్చింది చిక్కు.

వాణ్ని పిలిచి తెర మీద ఉన్న యాప్ స్టోర్ బొమ్మ నొక్కమనండి. గూగుల్ ప్లే స్టోర్ తెరుచుకుంటే ఇంక వాదన అక్కర్లేదు. ఐఫోన్‌లో నడిచే ఐఓఎస్‌ను ఆపిల్ తన ఫోన్లకు తప్ప ఎవరికీ ఇవ్వదు. కాబట్టి కాపీ తయారుచేసేవాడు చేయగలిగింది ఒక్కటే. చవక ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని దాని చేత ఐఫోన్ పగటివేషం కట్టించడం. బొమ్మలు, గంట శబ్దం, సెట్టింగ్స్ పేజీ అన్నీ ఆ వేషంలో భాగమే. ‘అబౌట్’ పేజీలో ఏ17 ప్రో చిప్, 256 జీబీ అని ఉంటుంది. ఫోన్ తనను తాను కొలుచుకుని చెప్పిన లెక్క కాదది, ఎవరో టైపు చేసి పెట్టిన అక్షరాలు.

అసలు లెక్క కావాలంటే సీపీయూ-జెడ్ లాంటి ఉచిత యాప్ వేసి చూడొచ్చు. ముదిరిన కాపీల్లో దానికి కూడా అబద్ధం చెప్పేలా ఏర్పాటు ఉంటుంది. అప్పుడు మొరటు పద్ధతే మేలు. పెద్ద పెద్ద వీడియో ఫైళ్లు వరసగా ఎక్కించుకుంటూ పోండి. నిజంగా ఉన్న జాగా నిండగానే కొత్త ఫైలు ఎక్కనంటుంది, లేదా ఎక్కినట్టే నటించి పాతవాటిని పాడుచేస్తుంది. అలాగే కెమెరా తెరిచి వెనకున్న మూడు కటకాలను ఒక్కొక్కటిగా వేలితో మూసి చూడండి. 0.5 నొక్కినా, జూమ్ చేసినా ఒకే కటకం పనిచేస్తుంటే మిగతా రెండూ గాజు బిళ్లలే.

ఇంకొకటి. “సీరియల్ నంబరు ఆపిల్ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్కోండి, కరెక్టుగా వస్తుంది” అని అమ్మినవాడు చూపించే ఉంటాడు. ఎవరిదో అసలు ఫోన్ నంబరు తెచ్చి కాపీ ఫోన్‌కీ, దాని పెట్టెకీ వేస్తారు. వెబ్‌సైట్ ఆ నంబరు నిజమైనదేనని చెబుతుంది. మీ చేతిలో ఉన్న వస్తువు ఏదో దానికి తెలియదు.

ఇక ధర సంగతి. ఆ తొమ్మిది వేలకు కాస్త అటూ ఇటూగా రెడ్‌మీ, మోటో, లావా లాంటి కంపెనీలవి సొంత పేరుతో, బిల్లుతో, ఏడాది వారంటీతో ఫోన్లు దొరుకుతాయి. అవి ఐఫోన్‌తో పోటీ పడవు, పడతామని చెప్పవు కూడా. మీ అబ్బాయి చేతిలో ఉన్నది వాటికన్నా చాలా తక్కువ రకం సరుకు. వాడు కట్టిన దాంట్లో పెద్ద భాగం వేషానికే పోయింది. కాపీని పోల్చి చూడాల్సింది లక్షన్నర ఐఫోన్‌తో కాదు, అదే ధర పలికే నిజమైన ఫోన్‌తో. వాడితో వాదన ఇక్కణ్నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు. ఊరికొస్తున్న ఒకాయన చేత నాకు సామ్‌సంగ్ పెద్ద మోడల్ ఫోన్ పంపించారు. పెట్టె, ప్యాకింగ్ అన్నీ బాగున్నాయి. కానీ జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. వాట్సాప్ “ఈ ఫోన్‌లో పనిచేయదు” అంటుంది. సెట్టింగ్స్‌లో మాత్రం ఆండ్రాయిడ్ 14 అని ఉంది. గల్ఫ్ ఫోన్లకు ఇక్కడేమైనా సెట్టింగ్ మార్చాలా?
- ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: మార్చాల్సిన సెట్టింగ్ ఏదీ లేదమ్మా. మీరు రాసిన రెండు లక్షణాలూ కలిస్తే అది సామ్‌సంగ్ ఫోన్ కాదనే అర్థం.

జియోకు మొదటి నుంచీ 2జీ, 3జీ నెట్‌వర్కులు లేవు. మామూలు కాల్ కూడా 4జీ లేదా 5జీ మీదే వెళ్లాలి. కాపీ ఫోన్లలో చాలావాటికి తెరపైన 5జీ అని గుర్తు కనపడుతుంది కానీ లోపల ఉండేది పాత 3జీ చిప్. అందుకే జియో సిమ్ వేస్తే ఫోన్ మూగబోతుంది. ఎవరైనా ఫోన్ అమ్మజూపితే ముందు జియో సిమ్ వేసి ఒక కాల్ చేసి చూడమని నేను చెప్పేది ఇందుకే. పైసా ఖర్చులేని పరీక్ష.

వాట్సాప్ సంగతీ అంతే. 2023 అక్టోబరు నుంచి అది ఆండ్రాయిడ్ 5.0 కన్నా పాత వాటిలో నడవడం లేదు. 14 అని చెబుతున్న ఫోన్‌లో పనిచేయనంటోందంటే ఆ 14 ఉత్తిదే. ఇలాంటిది కొత్తేమీ కాదు. పేరున్న మోడళ్లకు నకలుగా వచ్చిన కొన్ని ఫోన్లను రష్యాకు చెందిన డాక్టర్ వెబ్ అనే యాంటీవైరస్ సంస్థ 2022లో పరీక్షించింది. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ 10 అని ఉంది, లోపల నడుస్తున్నది 4.4.2. అంటే 2013 కాలం నాటి రకం. అంతకన్నా పెద్ద సంగతి, వాట్సాప్‌లోకి చొరబడే దొంగ ప్రోగ్రామ్ ఆ ఫోన్ల సిస్టమ్ ఫైళ్లలోనే దాగి ఉంది. మనం వేసుకున్న యాప్ వల్ల వచ్చిన తెగులైతే ఆ యాప్ తీసేస్తే పోతుంది. ఫోన్‌తో పాటే వచ్చింది రీసెట్ కొట్టినా పోదు.

కాబట్టి ఆ ఫోన్‌లో ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్ ఏదీ వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే బ్యాంకుకు లింకైన సిమ్ వెంటనే తీసేసి, వేరే నమ్మకమైన ఫోన్‌లో వేసుకుని యూపీఐ పిన్, ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చేయండి. ఖాతాలోంచి మీకు తెలియకుండా డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ ఆయన్ను మాత్రం నిలదీయకండి. ఎండలో కష్టపడి సంపాదించిన దిర్హమ్‌లతో ఆయన మంచి ఫోనే అనుకుని కొన్నారు. బిల్లు ఉందేమో అడగండి. ఉంటే అక్కడి దుకాణం మీద అక్కడే ఫిర్యాదు చేసుకోవచ్చు. తెచ్చిన ఊరాయన మీద అనుమానపడి సంబంధాలు చెడగొట్టుకోవడం కూడా తొందరపాటే.

ప్రశ్న: నాది చిన్న మొబైల్ షాపు. రోజూ ఇద్దరు ముగ్గురు వచ్చి ఫస్ట్ కాపీ ఉందా అని అడుగుతున్నారు. కాపీ అని చెప్పే అమ్ముతాను, మోసం లేదు కదా. తెప్పించమంటారా?
- ఒక షాపు యజమాని, తెనాలి

జవాబు: వద్దు. చెప్పి అమ్మినంత మాత్రాన చట్టం ఊరుకోదు. ఇంకొకరి ట్రేడ్‌మార్కు తప్పుగా వేసిన వస్తువు అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. కొనేవాడికి తెలుసా లేదా అన్నది తర్వాతి మాట.

దానికన్నా బరువైనది ఐఎంఈఐ వ్యవహారం. ప్రతి ఫోన్‌కూ 15 అంకెల నంబరు ఉంటుంది, *#06# నొక్కితే కనపడుతుంది. ఒక నంబరు ఒక్క ఫోన్‌కే ఉండాలి. కాపీలు చేసేవాళ్లు ఈ నంబర్లు కొనరు, ఎక్కడో దొరికినవి అచ్చేస్తారు. ఒక దొంగతనం కేసులోనో, బాంబు బెదిరింపు కేసులోనో పోలీసులు ఆ నంబరు పట్టుకుని వెతికితే వందలాది ఊళ్లలో వందలాది మంది తేలుతారు. 2020లో మీరట్ పోలీసులు ఒకే ఐఎంఈఐతో పదమూడు వేలకు పైగా ఫోన్లు నడుస్తున్నట్టు కనిపెట్టి కేసు పెట్టారు. ఇప్పుడు 2023 టెలికాం చట్టం ప్రకారం ఐఎంఈఐ తారుమారు చేస్తే మూడేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అలాంటిదని తెలిసి దగ్గర పెట్టుకున్నా నేరమే. మీరు “కాపీ అని చెప్పే అమ్మాను” అంటే మీకు తెలుసని మీ నోటితోనే ఒప్పుకున్నట్టు.

మీరు ఈ వ్యాపారంలో పాతవారైతే 2009 గుర్తుండే ఉంటుంది. ముంబై దాడుల తర్వాత భద్రత పేరు మీద ప్రభుత్వం ఆ ఏడాది నవంబరు 30తో గడువు పెట్టి, సరైన ఐఎంఈఐ లేని ఫోన్లకు సిగ్నల్ ఆపేయించింది. నంబరు వేయించుకోవడానికి జనం షాపుల ముందు బారులు తీరారు. అప్పటి చైనా ఫోన్ల గురించి నాకు కొంచెం మెత్తటి అభిప్రాయమే ఉంది. తైవాన్ కంపెనీ మీడియాటెక్ దాదాపు ఫోన్ మొత్తాన్ని సిద్ధం చేసి చిప్‌గా అమ్మడం మొదలుపెట్టాక షెన్‌జెన్‌లో చిన్న చిన్న కార్ఖానాలు కూడా ఫోన్లు తయారుచేయగలిగాయి. వాటిలో దొంగ పేర్లవి ఉన్నాయి, కాదనను. కానీ పెద్ద కంపెనీలు పట్టించుకోని రోజుల్లో మనకు రెండు సిమ్‌లు, ఊరంతా వినపడే స్పీకర్లు ఇచ్చినవీ అవే. ఆ ఫోన్లలో జనం పాటలు విన్నారు, మాట్లాడుకున్నారు, అంతే. ఇవాళ ఫోన్‌లో బ్యాంకు ఉంది, ఆధార్ ఉంది. అప్పటి దయ ఇప్పటి కాపీల మీద చూపించలేం.

అడిగే కుర్రాళ్లకు బిల్లున్న సెకండ్ హ్యాండ్ అసలు ఫోన్లు చూపించండి. లాభం తక్కువే, నిద్ర పడుతుంది.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని. పదకొండు వేలకు రియల్‌మీ ఫోన్ కొన్నాను. మా మనవడు చూసి, “తాతయ్యా, ఇది ఐఫోన్ కాపీ, డూప్లికేట్” అని ఎగతాళి చేస్తున్నాడు. తెర పైభాగంలో ఐఫోన్‌లో ఉన్నట్టే నల్లటి మాత్ర లాంటిది సాగుతోంది. మోసపోయానా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మోసపోలేదు మాస్టారూ. ఆపిల్ 2022లో ఐఫోన్ 14 ప్రోలో డైనమిక్ ఐలాండ్ అని తెచ్చింది. ఆర్నెల్లు తిరిగేసరికి 2023 మార్చిలో రియల్‌మీ తన సీ55లో మినీ క్యాప్సూల్ పేరుతో అలాంటిదే పెట్టింది. అనుకరణే, సందేహం లేదు. కానీ అది రియల్‌మీ అని తన పేరు తానే చెప్పుకుంటుంది, తన ఐఎంఈఐ తనకుంది, పాడైతే సర్వీస్ సెంటర్ ఉంది. వీటిలో ఏ ఒక్కటీ కాపీ ఫోన్‌కు ఉండదు. ముఖం కలవడం వేరు, ఇంకొకరి పేరు పెట్టుకుని తిరగడం వేరు.

మీ మనవడికి ఇంకో సంగతి కూడా చెప్పండి. ఫోన్ రూపం కాపీ కొట్టిందని ఆపిల్ 2011లో సామ్‌సంగ్ మీదే కేసు వేసింది. మరుసటి ఏడాది జ్యూరీ వంద కోట్ల డాలర్లకు పైగా పరిహారం కట్టమంది. పై కోర్టులు తిరిగి తిరిగి 2018లో రాజీ పడ్డారు. అంతమాత్రాన సామ్‌సంగ్ ఫోన్లను ఎవరూ డూప్లికేట్ అనలేదు.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో కొత్త సామ్‌సంగ్ ఫోన్ 1,999కే, ఇంటికొచ్చాక డబ్బులివ్వొచ్చు అని ప్రకటన వచ్చింది. ఆర్డర్ చేయొచ్చా?
- ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: వద్దు. 2016లో 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అని దేశమంతా ఊగిపోయింది. విలేకరులకు చూపించిన నమూనా ఫోన్ల మీద ఆడ్‌కామ్ అన్న వేరే కంపెనీ పేరుంటే దానికి వైట్‌నర్ పూశారు. మీకొచ్చే డబ్బాలో ఆ పాటి ఫోనైనా ఉంటుందన్న నమ్మకం లేదు. డెలివరీ అబ్బాయి ముందే డబ్బా విప్పనిస్తారా అని అడిగి చూడండి, జవాబు అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ ఐఫోన్ చూశాను. కాపీ కాదని మీరు చెప్పే పరీక్షలన్నిటిలో నెగ్గింది. దొంగ ఫోన్ కాదని ఎలా తెలుసుకోవాలి?
- ఒక ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: డబ్బులివ్వకముందే *#06# నొక్కి ఐఎంఈఐ రాసుకోండి. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌లోనూ చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో జవాబొస్తే అక్కణ్నుంచి లేచిపోండి. పెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు, తెర మీది నంబరు మూడూ ఒకటే కావాలి.

తర్వాత అమ్మేవాడి ముందే పాత యజమాని ఆపిల్ ఖాతా తీయించి, ఫోన్ మొత్తం రీసెట్ చేయించండి. రీసెట్ అయ్యాక ఎవరిదో పాస్‌వర్డ్ అడిగితే, “సాయంత్రం తీసిస్తా, అడ్వాన్స్ ఇవ్వన్నా” అంటాడు. ఇవ్వకండి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో డిస్‌ప్లే, బ్యాటరీ మార్చి ఉంటే అవి అసలైనవో కావో కూడా రాసి ఉంటుంది. డిస్‌ప్లే బయటిదైతే ధరలో ఆ మేరకు బేరమాడండి, కొనకూడదనేం లేదు. బిల్లు మీద షాపు ముద్రతో పాటు ఐఎంఈఐ కూడా రాయించుకోవడం మర్చిపోకండి.